బోర్డు మీద ఏడో పేరు

దేవుడి గూట్లో వెలిగించిన అగరొత్తి బూడిద ఫ్యాను గాలికి ఎగిరివచ్చి నా దరఖాస్తు నకలు మీద పడింది. ఊదితే పోయేదే. నేను బొటనవేలితో, చూపుడువేలితో తీశాను. వేళ్ళ మధ్య ఆ పొడి గరుగ్గా తగిలేసరికి, ధర్మవరంలో ఒక మగ్గం గుంట పక్కన గోనెపట్టా మీద కూర్చుని, కొబ్బరిచిప్పలోని బూడిద వేళ్ళకు అద్దుకుంటున్న నరసక్క కళ్ళ ముందుకు వచ్చింది. అప్పటిదాకా హుషారుగా ఉన్నవాణ్ణి, ఆ కాగితాన్ని బోర్లించి పెట్టేశాను.

ఆ కాగితం సంగతి చెప్పాలి. చిన్న వ్యాపారాలకు సలహాలిచ్చే ఉద్యోగంలో హిందూపురంలోనే ఎక్కువ కాలం గడిపి, పోయినేడు రిటైరయ్యాను. ఊరికే కూర్చోలేక, విదేశాలకు స్వచ్ఛందంగా సలహాదారులను పంపే ఒక సంస్థకు రాసుకున్నాను. టాంజానియాలో ఒక చిన్న పట్టణం, అక్కడ బుట్టలల్లే ఆడవాళ్ళ సంఘం, ఆరు నెలలు వాళ్ళతో పని. ఎంపికయ్యాను. టీకాలు వేయించుకున్నాను, దోమతెర కొన్నాను. మా ఆవిడ కందిపొడి, చింతకాయ తొక్కు సీసాలకెత్తడం కూడా మొదలుపెట్టింది. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: మీ సలహా వల్ల బాగుపడిన ఒక వ్యాపారం గురించి రాయండి. నేను నరసక్క సంఘం గురించి ఒకటిన్నర పేజీ రాశాను. ఎంపిక చేసినవాళ్ళకు అన్నిటికంటే అదే నచ్చిందట.

నరసక్క చీరలు నేయదు, వార్పు అతుకుతుంది. చీరలు నేసి కోసిన తరువాత పాత పోగుల కొసలు మగ్గంలోనే మిగిలి ఉంటాయి. కొత్త నిలువు పోగుల చుట్ట, అదే వార్పు, తెచ్చి దాని పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు మెలిపెట్టి కలపాలి. వేల పోగులు, ఇద్దరు ముగ్గురు కూర్చున్నా రెండు మూడు రోజుల పని. అతికేవాళ్ళు వచ్చి ఆ పని చేసిపెట్టేదాకా మగ్గం నిలిచిపోతుంది, మగ్గంతో పాటు ఇల్లూ నిలిచిపోతుంది. నేను ఆమె దగ్గరికి మొదటిసారి పోయినప్పుడు చంకలో ఫైలు, నోటినిండా మాటలు. పనిని ఎలా పెంచుకోవాలో నేను చెబుతుంటే ఆమె తల ఎత్తకుండా వింది. కాసేపటికి జరిగి పక్కన చోటిచ్చింది.

"కూచో సార్. ఒగ పది పోగులు అతుకు. మళ్ళా మాట్లాడుకుందాం."

నా వేళ్ళకు చెమట. పోగు పట్టుకుంటే జారిపోతోంది. "బూడిద అద్దుకో సార్. తడిచేతికి పట్టు నిలబడదు" అంది. అరగంటకు పది అతికి, ఏదో సాధించినట్టు చూశాను. ఆమె మెల్లగా లాగి చూసింది. ఏడు ఊడిపోయాయి. నవ్వుతుందనుకున్నాను. ఆ ఏడూ తనే మళ్ళీ అతికి, మంచినీళ్ళ చెంబు నా వైపు జరిపింది. నేను నీళ్ళు తాగి, ఎక్కడ ఆపానో అక్కడినుంచి సలహాలు అందుకున్నాను. అప్పటి నా తెలివి అంతవరకే.

మూడు నెలలు తిరిగి, అతికే ఆడవాళ్ళు పదిమందిని ఒక సంఘంగా చేశాను. ఒక గది, ఒక ఫోను, గోడకు ఒక తెల్లబోర్డు. ఎవరి ఫోను ముందొస్తే వాళ్ళ పేరు ముందు, ఆ వరసలోనే ఇళ్ళకు వెళ్ళాలి. అంతకుముందు నరసక్క పద్ధతి వేరుగా ఉండేది. ఒక్క మగ్గం ఉన్న ఇంటికి ముందు పోయేది, పది మగ్గాలున్న ఇంటికి తరువాత. పది మగ్గాలాయనకు ఒకటి నిలిచినా తొమ్మిది ఆడుతూనే ఉంటాయి.

"ఒగ మగ్గం ఇంటికీ పది మగ్గాల ఇంటికీ ఒగటే వరసా సార్?" అని అడిగింది.

"వ్యాపారంలో మొహాలు చూసి పని చేయకూడదక్కా" అన్నాను. ఆ వాక్యం నాకే ఎంత నచ్చిందంటే, తరువాత రెండు శిక్షణ తరగతుల్లో కూడా వాడుకున్నాను.

నెల తిరక్కముందే పెద్ద మగ్గాలవాళ్ళకు కిటుకు దొరికింది. చీర కోయడానికి నాలుగు రోజుల ముందే ఫోను చేసి పేరు రాయించుకునేవాళ్ళు. ఒక్క మగ్గంవాడికి అంత వీలెక్కడిది? వార్పు చేతికొచ్చాకే కదా పిలవగలడు. అట్లా ఒక మధ్యాహ్నం ఓబులేసు అనే నేతగాడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి గదిలోకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"నాకుండేది ఒగటే మగ్గం సార్. ఐదు దినాల నుంచి నిలిచిపోయి ఉండాది. నరసక్కను ఈ పొద్దు పంపీండి."

నేను బోర్డు చూపించాను. అతనిది ఏడో పేరు. "వరస ప్రకారం వస్తారప్పా. అందరికీ ఒకటే పద్ధతి" అన్నాను. కసురుకోలేదు, చాలా మర్యాదగానే అన్నాను. అతను బోర్డు వైపు కాసేపు చూసి, "సరే సార్" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నరసక్క మూలన కూర్చుని అంతా విన్నది. ఆఫీసు మనిషి మాట దాటడానికి ఆమెకు అప్పటికింకా జంకు.

ఏడో పేరు వంతు వచ్చేసరికి ఓబులేసు ఇంట్లో మగ్గం లేదు. నరసక్క నన్ను అక్కడికి తీసుకుపోయింది. మగ్గం ఉండిన గుంట మీద బండ పరిచి, దాని మీద బియ్యం మూట పెట్టుకున్నారు. "బెంగళూరు పోయినాడు సార్. ఆడ అపార్ట్‌మెంట్ కాడ వాచ్‌మన్ పని" అని అతని భార్య చెప్పింది. నేను ఆమెతో, "ఇలాంటివి జరుగుతూ ఉంటాయమ్మా" అన్నాను. ఇప్పటికీ బస్సులోనో స్నానం చేస్తుండగానో ఆ మాట గుర్తొస్తే, ఎవరో విన్నట్టు సిగ్గుపడి గట్టిగా దగ్గుతాను.

మర్నాటి నుంచి బోర్డు బోర్డుగానే ఉంది. నేను పోయినప్పుడల్లా దాని మీద పేర్లు వరసగా కనబడేవి. ఆడవాళ్ళు మాత్రం నరసక్క చెప్పిన ఇంటికి పోయేవాళ్ళు. ఒక్క మగ్గంవాళ్ళ మగ్గాలు నిలవడం తగ్గింది, సంఘానికి మంచి పేరొచ్చింది. ఇదంతా నాకు తెలుసు. తెలియనట్టు ఉండిపోయాను. ఆ మంచి పేరుకు పెనుకొండలో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. మైకు నరసక్క చేతికిస్తే, "సారు చెప్పినట్లే చేసినాము" అని ఇచ్చేసింది. తిరిగి ధర్మవరం పోయే బస్సులో పక్కన కూర్చుని అడిగాను.

"ఎందుకక్కా అట్లా చెప్పావు?"

"అంతమందిలో నిన్ను దించితే నాకేమొస్తాదప్పా? నీకు తెలిస్తే సాలు."

అప్పటిదాకా నన్ను సార్ అనేది. ఆ రోజే మొదటిసారి అప్పా అంది. ఆ మాటకు నేను ఒళ్ళో ఉన్న శాలువా మడత సరిచేసుకుంటూ కిటికీలోంచి బయటికి చూశాను. నాకు తెలుసని ఒక్క మాట ఆమెతో అని ఉంటే ఎంత బాగుండేది.

అగరొత్తి బూడిద పడిన రెండో రోజు ధర్మవరం వెళ్ళాను. నరసక్కకు చూపు తగ్గింది, ఇప్పుడు అతకడం లేదు. విదేశం పోతున్నానంటే సంతోషించి కాఫీ ఇప్పించింది. దరఖాస్తులో రాసిన ఒకటిన్నర పేజీని తెలుగులో చెబుతూ చదివి వినిపించాను. నా క్రమశిక్షణ, నా బోర్డు, నా వరస పద్ధతి, దానివల్ల బాగుపడిన పదిమంది ఆడవాళ్ళు. 'నా పేరేదప్పా' అని నరసక్క అడుగుతుందనుకుని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె చివరిదాకా విని, కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

"అంతా బాగుండాది. ఓబులేసు పేరు యాడా రాలేదే?"

ఆమె కోపంగా అడగలేదు. నిజంగానే వెతికినట్టు అడిగింది.

"ఇప్పుడు ఆ దేశంలో ఎవురికి బోర్డు పెట్టల్లని పోతాండావు?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఓబులేసు ఇప్పుడెక్కడున్నాడని అడిగాను. "బెంగళూరు పక్కన యలహంకలోనే, అదే పని కాడ" అని, మనవరాలి చేత అతని నంబరు నా ఫోనులోకి ఎక్కించింది.

ఇంటికొచ్చి ఆ సంస్థకు ఉన్నదున్నట్టు రాశాను. సలహా నాదని, అది ఒక ఇంటి మగ్గాన్ని లేపేసిందని, సరిదిద్దింది నరసక్క అని, పేరు మాత్రం నేను వేసుకున్నానని. జవాబు ఇంకా రాలేదు. వద్దంటారేమో. అంటే అనడం న్యాయమే. మా ఆవిడ సీసాల మూతలు బిగిస్తూ, "ఇప్పుడెందుకండీ ఇదంతా?" అని ఒకసారి అడిగి ఊరుకుంది. రాయడం నేననుకున్నంత కష్టంగా లేదు. ఆ సంస్థవాళ్ళ మొహాలు నేనెప్పుడూ చూడలేదు కదా.

ఓబులేసు నంబరుతోనే కష్టంగా ఉంది. రెండుసార్లు నొక్కి, మోగకముందే ఆపేశాను. టాంజానియాకు పెట్టె సర్దుకుని, ఆ బుట్టలల్లే వాళ్ళ పక్కన కూర్చుని ముందు పది బుట్టలు అల్లాలని కూడా నిర్ణయించుకున్నవాణ్ణి, యలహంకకు ఒక్క ఫోను చేయలేకపోతున్నాను. "వరస ప్రకారం వస్తారప్పా" అన్న నా మర్యాద గొంతు నాకింకా వినబడుతోంది. అతనికీ వినబడుతూనే ఉంటుంది. ఫోనులో చెప్పే మాట కాదులే అని ఇందాక నాకు నేనే సాకు చెప్పుకున్నాను. అదీ నిజమే. హిందూపురంలో రైలెక్కితే యలహంక రెండు గంటలు. ఇన్నేళ్ళుగా అది రెండు గంటలే.