రండి, కూర్చోండి

కాళ్ళు మనవే అయినా వాటి మీద అధికారం ఇంకొకరిదిగా ఉండే రోజులు కొందరి జీవితంలో ఉంటాయి. నాకవి తెనాలిలో గడిచాయి. డిగ్రీ ఆఖరి పరీక్షలు రాసి ఫలితాల కోసం చూస్తూ (వాటి సంగతి అడక్కండి) రేపల్లె నుంచి రోజూ పొద్దున్నే రైలెక్కి తెనాలిలో ఒక పెద్ద చీరల షోరూముకి వెళ్ళేదాన్ని. పని చాలా తేలికని చెప్పారు. వచ్చినవాళ్ళతో 'రండి, కూర్చోండి, ఏం చూపించమంటారు?' అనాలి, చూపించాలి, మళ్ళీ మడత పెట్టాలి. చెప్పనిది ఒక్కటే, మనం మాత్రం కూర్చోకూడదు. కస్టమర్లు లేకపోయినా కూర్చోకూడదు. గోడకి ఆనుకోకూడదు. ఓనరు ఎక్కడున్నా కెమెరాల్లోంచి తన ఫోన్లో మా కాళ్ళనే చూస్తుంటాడని పాతవాళ్ళు హెచ్చరించారు. మా ముఖాలు ఎప్పుడైనా చూశాడో లేదో నాకు తెలియదు.

రోజంతా అదే మాట అని అని నాలుక దానికి అలవాటు పడిపోయింది. రైల్లో టికెట్ కలెక్టరు వచ్చి ఎదురుగా నిలబడితే 'రండి, కూర్చోండి' అన్నాను. ఆయన నన్ను అనుమానంగా చూసి, నా పాసుని అటూ ఇటూ తిప్పి మరీ పరీక్షించాడు. అది నయం. బాపట్లలో మా పెద్దమ్మ మామగారు పోతే చూడటానికి వెళ్ళాం. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను (నిలబడటం మన వృత్తి కదా). ఎవరో పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ లోపలికి రాగానే నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, 'రండమ్మా, కూర్చోండి, ఏం చూపించమంటారు?' అని. ఆవిడ ఏడుపు ఆపి నన్ను చూసింది. అక్కడ చూపించడానికి ఉన్నది ఒక్కటే. మా పెద్దమ్మ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది.

మా ఫ్లోర్ మేనేజర్ని మేం నవ్వు సార్ అనేవాళ్ళం. ఆయన ముఖాన ఎప్పుడూ నవ్వు ఉండేది, తిట్టేటప్పుడు కూడా. పుట్టుకతో వచ్చిందో, ఉద్యోగంలో చేరాక అంటించారో ఎవరికీ తెలియదు. ఒకసారి విజయవాడ నుంచి ఎవరినో పిలిపించి మాకు మర్యాద గురించి శిక్షణ ఇప్పించారు. 'ఎదుటి మనిషి కష్టం మన కష్టం అనుకోవాలి. దాన్నే ఎంపతీ అంటారు' అన్నాడాయన. మా వేమూరక్క ఊరుకుంటుందా? 'ఎంపీటీసీనా సార్? మా మరిది వరసాయన నిలబడ్డాడండి. ఓడిపోయాడు' అంది. అందరం పగలబడి నవ్వాం. ఎదుటి మనిషంటే కౌంటరుకి అవతల కూర్చున్న మనిషేనని, ఇవతల నిలబడ్డవాళ్ళు ఆ లెక్కలోకి రారని ఆయన విడిగా చెప్పలేదు. మాకే తెలిసొచ్చింది.

వేమూరక్క అంటే వేమూరులో మా రైలే ఎక్కి వచ్చే అక్క. నన్ను 'రేపల్లె పిల్లా' అని పిలిచేది. భర్త అద్దె ఆటో తోలేవాడు. పెళ్ళయిన చాలా ఏళ్ళకి నెల తప్పింది. అంతకు ముందు ఒకసారి పోయింది కాబట్టి ఈసారి ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి ఉన్నారు. 'ఎక్కువసేపు నిలబడకమ్మా, నిలబడితే నిలవదు' అందట డాక్టరమ్మ. ఆ మాట మాతో చెప్పి అక్క నవ్వింది గానీ, కళ్ళల్లో భయం కనపడుతూనే ఉంది. మానేస్తే ఇల్లు గడవదు. అందుకని నవ్వు సార్ దగ్గరికి వెళ్ళి ఒక స్టూలు అడిగింది. నేనూ తోడు వెళ్ళాను.

'కౌంటరు వెనకాల వేసుకుంటానండి. ఎవరికీ కనపడదండి' అంది అక్క.

'కుదరదమ్మా. ఒకళ్ళకి వేస్తే అందరూ అడుగుతారు. కస్టమర్ చూస్తే ఏమనుకుంటారు? మన స్టాఫుకి ఎంపతీ లేదనుకోరూ?' అన్నాడు సార్, నవ్వుతూనే.

ఆయనకీ కుర్చీ లేదు. సాయంత్రానికి మెట్ల మీద కాళ్ళీడ్చుకుంటూ దిగేవాడు. నిలబడి నిలబడి కాళ్ళు పీకడం అంటే ఏంటో తెలిసిన మనిషే ఆ మాట అన్నందుకు నాకు ఇంకా ఒళ్ళు మండింది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మా అందరికీ ఒకే రకం యూనిఫారం చీర. దాని మీద ఒక పట్టుచీర పమిటగా వేస్తే యూనిఫారం కనపడదు. కస్టమర్లకి అలా వేసి చూపించడం మాకు రోజూ ఉన్న పనే. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు అక్క భుజాన ఒక మెంతి రంగు పట్టుచీర కప్పి, చేతిలో నా హ్యాండ్‌బ్యాగు పెట్టి, కెమెరా వైపు వీపు ఉండేట్టు కస్టమర్ల మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టాను. 'రండమ్మా, కూర్చోండి, ఏం చూపించమంటారు?' అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట మనసులోంచి అన్నాను. ఫోన్లో చూసేవాళ్ళకి కస్టమరు, నా పక్కనున్నవాళ్ళకి మా అక్క. కొన్నాళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. చిక్కల్లా ఏంటంటే, కుర్చీలో కూర్చోగానే అక్కకి నిజంగానే కస్టమర్ బుద్ధులు వచ్చేసేవి.

'ఈ అంచు బాలేదండి. ఆ పైదాన్ని తియ్యండి. అది కాదు, దాని కింద నీలంది' అనేది.

'ఏంటక్కా, నిజంగా కొనేదానిలాగా! ఇవన్నీ మళ్ళీ మడత పెట్టేది నేనే' అని నేను పళ్ళు కొరికేదాన్ని.

'ఏం చేయనే, కూర్చుంటే నోటికి ఆ మాటలే వస్తన్నాయి' అనేది.

ఒక మధ్యాహ్నం సార్ మెట్లెక్కి వచ్చాడు. మాకు సైగ చేసుకునే సమయం కూడా లేదు. మెంతి రంగు పట్టుచీర, హ్యాండ్‌బ్యాగు వెనకనుంచి చూసి ఆయన సరాసరి అక్క దగ్గరికే వెళ్ళి వంగాడు. 'లేవకండమ్మా, కూర్చోండి. ఎండన పడి వచ్చుంటారు. మజ్జిగ తాగుతారా?' అన్నాడు. జవాబు కోసం ఆగకుండా తెప్పించి తనే అందించాడు. అక్క తల తిప్పకుండా గ్లాసు తీసుకుంది. 'మా పిల్లలు బాగా చూపిస్తున్నారా అమ్మా? ఏ ఊరు మీది?' అని అడిగాడు. తల వంచుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని 'బాపట్లండి' అని గొణిగింది అక్క. 'వట్టి మనిషి కాదనుకుంటానమ్మా. ఇలాంటప్పుడు జాగ్రత్తగా ఉండాలి, ఎక్కువ తిరక్కూడదు' అన్నాడు. అంత మెత్తగా ఆమెతో ఆ షాపులో ఎవరూ మాట్లాడింది లేదు. భుజాలు కదిలిపోతూ ఏడ్చేసింది. 'అయ్యో, ఏంటమ్మా?' అని ఆయన ముందుకొచ్చి ముఖంలోకి చూశాడు.

నవ్వు అలాగే ఉంది. దాని వెనకాల మనిషి మారిపోయాడు. కెమెరా వైపు ఒకసారి చూశాడు. అక్క చేతిలో గ్లాసు ఇంకా సగం ఉంది, అది తీసేసుకున్నాడు.

'లే' అన్నాడు.

లేవండి కూడా కాదు. అక్క లేచింది. పట్టుచీర తీసి తనే మడత పెట్టింది. షాపు మూసేదాకా నిలబడింది. తర్వాతి రోజుల్లో మా కౌంటర్ని సరిగ్గా కెమెరా ఎదురుగా మార్చారు. అక్క ఇంకా కొన్ని రోజులు వచ్చింది, తర్వాత రాలేదు. బిడ్డ నిలవలేదని వాళ్ళాయన ఫోన్ చేసి చెప్పాడు. ఎలాగైనా జరిగేదేనేమో అని డాక్టరమ్మ అందట. నేను ఆ మాట నమ్మలేదు, ఇప్పటికీ నమ్మను. 'ఎలా ఉందమ్మా ఆ అమ్మాయి?' అని సార్ మమ్మల్ని అడిగాడు. మేం చీరలు మడత పెడుతూనే ఉన్నాం.

సెలవు రోజున మేం నలుగురం వేమూరు వెళ్ళాం. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మేం చేతులు ముందుకి కట్టుకుని ఒక వరసలో నిలబడిపోయాం. గోడకి ఆనుకోలేదు కూడా. వాళ్ళత్త కాసేపు చూసి, 'ఏంటమ్మా, బళ్ళో పిల్లల్లాగా ఆ నిలబడటం? కూర్చోండి' అంది. ఎవరం కదల్లేదు. అక్క మెల్లగా ఇటు తిరిగి మా వరస చూసింది.

'వాళ్ళు కూర్చోరత్తా. మనింట్లో కెమెరా ఎక్కడుందో వెతుక్కుంటన్నారు' అంది.

ముందు వాళ్ళత్త నవ్వింది, తర్వాత మేం. అక్క కూడా నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి జారిపోయింది. మేం ఆ మంచం చుట్టూ నేలమీద కూలబడ్డాం. చీకటి పడేదాకా లేవలేదు.

నేను ఆ నెలలోనే మానేశాను. ఇప్పుడు బాపట్లలో కుర్చీ ఉన్న ఉద్యోగమే చేస్తున్నాను. అక్కకి తర్వాత పిల్లలు పుట్టలేదు. ఒక పట్టుచీర కప్పి, కెమెరాకి వీపు తిప్పి, ఒక బిడ్డని కాపాడేయొచ్చని నమ్మిన ఆ రేపల్లె పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఎంత ధీమా దానికి! నవ్వొస్తుంది నాకు. ఆ నవ్వుని కాసేపు అలాగే ఉండనిస్తాను.