పెద్దమ్మ పూర్తి చేయనివ్వని పాటలు

నా చిన్నప్పుడు మా అమ్మకు జబ్బు చేస్తే, నాయన మగ్గం ఆపేసి ఆమెను హిందూపురం ఆసుపత్రిలో చేర్చాడు. ధర్మవరంలో నన్ను చూసుకునేవాళ్లు లేక పెనుకొండలో మా పెద్దమ్మ దగ్గర వదిలాడు. పెద్దమ్మ భజనల్లో హార్మోనియం వాయించేది. నా ఏడుపు మాన్పించడానికి దాని మీద ఒక పాట మొదలుపెట్టించింది.

మావైపు మొక్కుకోనిదే ఏ పనీ సాగదు. పెద్దవాళ్లు కోళ్లూ టెంకాయలూ మొక్కుకుంటారు. నా దగ్గర ఏముంది? "పెద్దమ్మ నేర్పే పాటలన్నీ తప్పు లేకుండా వాయిస్తా, మాయమ్మను ఇంటికి పంపించు సామీ" అని దేవుడి పటం ముందు గట్టిగానే మొక్కుకున్నాను. పొయ్యి దగ్గరున్న పెద్దమ్మ విన్నది.

మర్నాటి నుంచి ఆమె తీరు మారింది. చరణం చేతికొస్తుండగానే "ఇది చాల్లే తల్లీ, ఇంగోటి పడదాం రా" అనేది. అదీ సగంలో ఉండగానే మూడోది. మూడూ ఒక్కసారే నేర్చుకోబోతే నా వేళ్లు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి జారిపోయేవి. ఒంటరిగా సాధన చేద్దామంటే హార్మోనియం పెట్టె అటకెక్కించేది. ఇంత రాక్షసి పెద్దమ్మ ఎవరికీ ఉండదని తిట్టుకునేదాన్ని. అమ్మను ఇంటికి రానివ్వనిది ఈమేనని నిజంగానే నమ్మాను.

ఒక మధ్యాహ్నం నాయన ఒక్కడే వచ్చాడు. గడపలో నిలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు అర్థమైపోయింది. పెద్దమ్మ మీద పడి కొట్టాను.

"నువ్వే పూర్తి చెయ్యనీలేదు! చెయ్యనిచ్చింటే మాయమ్మ వచ్చిండేది!"

పోయింది ఆమె సొంత చెల్లెలు. అయినా నా చేతులు పట్టుకోలేదు.

"అవును తల్లీ. నువ్వు బాగనే వాయిస్తాంటివి. తప్పంతా నాదే."

ఆ కోపం చాలా ఏళ్లు మోశాను. అమ్మ బతకదని డాక్టర్లు ముందే చెప్పారని, అది పెద్దమ్మకూ తెలుసని పెద్దయ్యాక నాయన ద్వారా తెలిసింది. పాటలన్నీ పూర్తయ్యాక అమ్మ పోయి ఉంటే, ఎక్కడో తప్పు వాయించానని జన్మంతా నన్ను నేనే తిట్టుకునేదాన్ని. నా మొక్కు తీరకుండా చూసి, ఆ నింద పెద్దమ్మ తన నెత్తిన వేసుకుంది. ఈ మాట చెప్పి ఆమె కాళ్లు పట్టుకుందామంటే అప్పటికే ఆమె లేదు.

మొన్న మా మనవరాలి కుక్కపిల్ల రోడ్డు మీదికి పోయి ఆటో కింద పడి చనిపోయింది. గేటు వేయడం మరిచింది మనవరాలే. ఆ సంగతి గుర్తుకొస్తున్నట్టు దాని మొహం పాలిపోవడం చూశాను.

"గేటు తీసిపెట్టింది నేనేమ్మా" అన్నాను.

ఏడుస్తూ నా మీద పడి కొట్టింది. కొట్టనిచ్చాను.