ఖాళీగా తోలిన సాళ్లు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. కారణం దొరకనిది ఏదీ ఉండదనుకునేవాణ్ణి. ఈ సంగతి ఒక్కటే ఆ లెక్కలో ఇమడలేదు.

తొంభైల మొదట్లో మాట. మాది వై.ఎన్.హొసకోట పక్క పల్లె. ఆ ఎండాకాలంలో నా భార్య వెంకటలక్ష్మి జ్వరంతో పోయింది. తర్వాత నా తల పనిచేయడం మానేసింది. పుస్తకం తెరిస్తే చదివిన వాక్యమే మళ్లీ చదివేవాణ్ణి. పావగడలో బస్సు దిగి, ఎందుకొచ్చానో తెలియక తిరిగొచ్చేవాణ్ణి. అక్కడి డాక్టరు, నిద్రా తిండీ లేకపోతే మెదడు ఇట్లే మందగిస్తుందనీ, లేనివి ఉన్నట్టు తోస్తాయనీ చెప్పాడు.

ఇంతలో వాన పడింది. నేలలో తడి పదును ఆరేలోగా శెనక్కాయ విత్తాలి. కిందటేడు పంట ఎండిపోయింది. ఇంట్లో మిగిలింది ఆ విత్తనమే. ఈసారి తప్పితే ఊరు విడిచి కూలికి పోవడమే.

మా వైపు మగవాడు ఎద్దుల మడకతో సాలు తోలితే, వెనకాలే ఆడమనిషి సాల్లో గింజ విడుస్తుంది. ఇద్దరి నడకా కలవాలి. మా ఇద్దరికీ బాగా కుదిరేది. గింజ విడిచి, పాదంతో మన్ను తోయడం వెంకటలక్ష్మి అలవాటు. నేను ఏదో ఆలోచిస్తూ సాలు వంకర తోలితే, "ఏమయ్యా, మళ్లీ యాడికి పోయినావు?" అనేది.

ఆ యేడు విత్తడానికి మా అక్క వచ్చింది. మొదటి నుంచీ తిట్లే. "ఎద్దులకుండే ధ్యాస నీకు లేదేందిరా! నిదానంగా తోలు."

మధ్యాహ్నం దాటాక ఎప్పుడో తిట్లు ఆగిపోయాయి. వెనక అడుగులు నా అడుగులతో కలిశాయి. మన్ను తోస్తున్న మెత్తటి చప్పుడు. అన్నాళ్లలో మొదటిసారి నా తల తేలికైంది. మలుపుల్లో వెనక్కి చూశానో లేదో గుర్తులేదు.

పొద్దు వాలాక అక్క వచ్చి ఎద్దుల ముందు అడ్డంగా నిలబడింది. ఒక కాలు కుంటుతోంది.

"కాల్లో ముల్లు ఇరిగింది, నిలబడ్రా అని ఎంత అరిచినానురా! గట్టు మీద కూచోని చూస్తానే ఉండాను. సగం చేను ఉత్త సాళ్లు తోలినావు గదరా!"

ఆమె ఒడిలో గింజ ఒడిలోనే ఉంది.

ఎద్దులు అలసిపోయాయి. మర్నాడు పొడిగాలికి పదును పోయింది. విత్తని ఆ సగం ఉలవలకు వదిలేద్దామనుకున్నాం.

తొమ్మిదో పదో రోజున చేనికి పోతే, విత్తని సగంలోనూ మొలకలొచ్చి ఉన్నాయి. ఒకటి పెరికి చూశాను. శెనక్కాయే. కిందటేటి రాలుడు గింజయితే చెదురుమదురుగా మొలవాలి. ఇవి సాళ్లలో ఉన్నాయి, సమానమైన ఎడంతో. అక్క మొలకల మధ్య కూలబడి ఏడ్చింది. ఆమెను ఎన్నిసార్లు అడిగినా, తాను గట్టు దిగలేదనే చెప్పింది. పోయేదాకా ఆ మాట మార్చలేదు.

పంట బాగానే వచ్చింది. మేము ఊరు విడవలేదు.

క్రమంగా నాకు నిద్ర పట్టింది. చదివింది గుర్తుండసాగింది. తల కుదుటపడిందని అందరూ సంతోషించారు. ఆ తర్వాత ఎన్నో వానలకు మడక తోలాను. చెవి వెనక్కే పెట్టుకొని నడిచాను. కూలి మనిషి అడుగులు కూలి మనిషివిగానే వినిపించాయి.

ఆ రోజు జరిగిందేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. తల బాగుపడకుండా ఉంటే బాగుండేదని మాత్రం ఒక్కోసారి అనిపిస్తుంది.