చలి కుర్చీ

ఆర్విడ్ తాత మినెసోటా చలికి భయపడి ఏటా అక్టోబరు నెలాఖరుకల్లా అరిజోనా ఎడారికి పారిపోతాడు. పారిపోయి వచ్చాక ఐదు నెలల పాటు ఆ చలి గురించే గొప్పలు చెప్పుకుంటాడు. ఆయనొక్కడే కాదు, ఆ కాలనీలో మూడు వందల ఇళ్ళవాళ్ళదీ అదే పని. అందరూ యాభై అయిదు దాటినవాళ్ళు, అందరూ ఉత్తరాది నుంచి దిగినవాళ్ళు. ఇద్దరికొకరి చొప్పున మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళు.

ఇల్లంటే చక్రాల మీద వచ్చి, వచ్చాక చక్రాల సంగతి మరిచిపోయిన పొడుగాటి డబ్బా. ముందు గులకరాళ్ళు, ఒక ప్లాస్టిక్ కొంగ, ఒక పంపరపనస చెట్టు. కాలనీలో అందరికీ పంపరపనస చెట్లున్నాయి, అందరివీ ఒకేసారి కాస్తాయి. అందుకని పొద్దున్నే లేచి ఒక సంచీడు కాయలు పక్కవాళ్ళ గుమ్మంలో పెట్టి, వాళ్ళు చూసేలోగా వచ్చెయ్యాలి. తాత భార్య వెర్నా నాన్నమ్మ సోమవారం పెట్టిన సంచీ ఏడు గుమ్మాలు తిరిగి గురువారానికి తన గుమ్మానికే వచ్చిన సందర్భాలున్నాయి. సంచీ తనదేనని గుర్తుపట్టి ఆవిడ చాలా సంతోషించింది. మంచి సంచీ అది.

రోజూ ఆరింటికి పావుగంట ముందు ఫోను మోగుతుంది. ఆ ఫోను చేసేవాడు టోయివో. మినెసోటాలో పైక్ హాలో అనే ఊళ్ళో తాత ఇంటి పక్కనే వాడి ఇల్లు. ఒకటో తరగతిలో ఒకే బల్ల, అప్పటినుంచి ఒరేయ్ అంటే ఒరేయ్. వాడి పనల్లా మంచులో నడిచివెళ్ళి, తాత ఇంటి ఉత్తరపు గోడకున్న థర్మామీటరు చూసి, అంకె చెప్పడం. తాత ఆ అంకెను ఒక కాగితం మీద రాసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని, గోల్ఫు బండెక్కి క్లబ్బు హాలుకు వెళ్తాడు.

ఏడింటికి అక్కడ కాఫీ. గోడ మీద తెల్ల బోర్డు. ఎవరి సొంతూరి చలి వాళ్ళు రాయాలి. సొంత ఇంటి గోడ మీది థర్మామీటరును మనిషి కంటితో చూసి చెప్పిందే లెక్క. ఫోన్లో చూసిందీ టీవీలో విన్నదీ చెల్లవు. ఆ రోజుకి ఎవరి ఊరు అందరికన్నా చల్లగా ఉంటే, కిటికీ పక్కనున్న మెత్తటి వాలు కుర్చీ ఆ రోజుకి వాళ్ళది. మిగతావాళ్ళకి మడత ఇనుప కుర్చీలు. ఫిబ్రవరి ఆఖరి శుక్రవారంనాడు ఆ సీజనంతటికీ తక్కువ అంకె ఎవరిదో చూసి, వాళ్ళ పేరు చెక్కిన ఇత్తడి రేకు గోడనున్న చెక్కకి బిగిస్తారు. ఆ చెక్క మీద తాత రేకులు అయిదున్నాయి. వాటిని తాత తడిగుడ్డతో తుడవడం నాన్నమ్మ రెండుసార్లు చూసింది. ఇంట్లో ఇంకేదీ తుడవగా చూడలేదు.

ఈ ఏడు పోటీ కెనడావాడు గార్నెట్‌తో. వాడు సెల్సియస్‌లో చెబుతాడు. కమిటీ ప్రెసిడెంటు లవాన్ పాత కవరు వెనక లెక్క కట్టి అమెరికా వాళ్ళ ఫారెన్‌హీట్‌లోకి మార్చేదాకా కాఫీ చల్లారిపోతుంది. వాళ్ళ ఊళ్ళో మైనస్ నలభై పడిన రోజు మాత్రం గొడవ లేదు, అక్కడ రెండు లెక్కలూ ఒకటే. అయితే తాత దగ్గర మైనస్ నలభై ఒకటి ఉంది.

"మీ టోయివోకి చూపు సరిగ్గా ఆనుతుందా?" అనేవాడు గార్నెట్.

"ఆనకపోతే ఇంకా తక్కువ చెప్పేవాడు," అనేవాడు తాత, వాలు కుర్చీలో కాళ్ళు చాపుకుని.

పోయినేడు రెండో స్థానంలో నిలిచినవాడు వెండెల్. నార్త్ డకోటావాడు. తాతది మైనస్ నలభై నాలుగు, అతనిది నలభై మూడు. ఒక్క డిగ్రీ తేడా. ఆగస్టులో వెండెల్ పోయాడు. భార్య అయోన్ ఉత్తరాది ఇల్లు అమ్మేసి ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఆవిడకి బోర్డు మీద రాయడానికి ఊరే లేదు. అయినా రోజూ ఏడింటికి వచ్చి వెండెల్ కూర్చునే ఇనుప కుర్చీలో కూర్చుంటుంది.

ఆఖరి శుక్రవారం మూడు రోజులుందనగా, మంగళవారంనాడు, తాత నాన్నమ్మని కారెక్కించుకుని నలభై మైళ్ళ అవతల సంతకి వెళ్ళాడు. గోల్ఫు బండికి బెల్టు కావాలి. బెల్టు దొరకలేదు. నిమ్మరసం బండి దగ్గర టోయివో దొరికాడు. పొట్టి లాగు, రంగురంగుల చొక్కా, మోకాళ్ళ దాకా ఎండకి కమిలిన కాళ్ళు.

తాత చాలాసేపు చూశాడు.

"టోయివో."

"ఆర్విడ్," అన్నాడు టోయివో. నిమ్మరసం పీల్చే గొట్టం నోట్లోంచి తీశాడు.

"పొద్దున మైనస్ ఇరవై తొమ్మిదన్నావు."

"అన్నాను. అక్కడ అంతే ఉంది."

"నువ్విక్కడున్నావు."

"నేనిక్కడున్నా. చలి అక్కడే ఉంది. దాన్నేమన్నా వెంట పట్టుకొచ్చానా?"

"ఎన్నాళ్ళయింది నువ్వొచ్చి?"

"ఇది రెండో చలికాలం. మార్లిస్‌కి కీళ్ళ నొప్పులు." మార్లిస్ అంటే టోయివోకి కొత్తగా స్నేహమైన ఆవిడ. రెండు బళ్ళ అవతల నాన్నమ్మతో మాట్లాడుతోంది. ఇద్దరూ ఇప్పుడే కలిసినవాళ్ళలా లేరు.

"మరి నా అంకెలు?"

"టీవీలో మన జిల్లాకి ఎంత చెబితే అందులోంచి నాలుగు తీసేస్తా. మీ ఇల్లు పల్లంలో ఉంది కదరా."

"మూడు," అన్నాడు తాత. "మా ఇంటి దగ్గర మూడే తగ్గుతుంది. నాలుగు ఎన్నడూ తగ్గలేదు."

"కుర్చీ కుర్చీ అని నా ప్రాణం తీస్తుంటే నీకోసం ఒకటి ఎక్కువేశాన్రా. స్నేహితుడన్నాక ఆమాత్రం చెయ్యడా?"

"అసలు మానేస్తే పోయేదిగా!"

"ఎలా మానేస్తా? నువ్వు పొద్దున్నే లేచి ఫోను ముందు కూర్చుంటావు. నాకు తెలీదూ?"

నిమ్మరసం డబ్బులు టోయివోనే ఇచ్చాడు.

తిరుగు దారిలో పది మైళ్ళు గడిచాయి.

"నీకు తెలుసు," అన్నాడు తాత.

"తెలుసు," అంది నాన్నమ్మ. "పోయినేడు మార్లిస్ క్రిస్మస్ కార్డు పంపింది. వెనకాల ఇక్కడి అడ్రసుంది."

"చెప్పలేదేం?"

"అడగలేదుగా."

"ఇల్లు వాడే కదా చూడాలి? నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగిలితే?"

"కార్డు వచ్చిన వారమే ప్లంబరుకి ఫోన్ చేసి నీళ్ళన్నీ వంపించేశా. లేని నీళ్ళు ఎలా గడ్డకడతాయి?" నాన్నమ్మ కిటికీలోంచి ఎడారిని చూస్తూ అంది. "చూడు ఆర్విడ్. నువ్వు రోజూ ఏడింటికి ఆ కుర్చీ కోసం పోతే నాకు గంటన్నర సేపు ఇల్లు దొరుకుతుంది. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో అలాంటి గంటన్నర ఎవరైనా వదులుకుంటారా?"

తాత ఇంకో మూడు మైళ్ళు ఆలోచించాడు.

"పోయినేటి నలభై నాలుగు కూడా దొంగదే."

"నువ్వు కావాలని చేసింది కాదు. ఇప్పుడు ఎవరికి తెలుస్తుంది? నేను చెప్పను. టోయివో చెప్పడు."

"వెండెల్ కూడా చెప్పడు," అన్నాడు తాత.

ఆ తర్వాత నాన్నమ్మ రేడియో పెట్టింది.

బుధవారం ఫోను మోగింది. తాత ఎత్తలేదు. అది పన్నెండుసార్లు మోగి ఆగింది. బోర్డు మీద తన ఊరి పేరు పక్కన ఒక గీత గీసి ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. "ఏంటయ్యా, మీ ఊళ్ళో చలి అయిపోయిందా?" అన్నాడు గార్నెట్ వాలు కుర్చీలోంచి. గురువారమూ గీతే. ఆ సాయంత్రం తాత నిచ్చెనేసి పంపరపనస చెట్టు మొత్తం దులిపాడు. పదకొండు సంచులయ్యాయి. నాన్నమ్మ నోరెత్తకుండా సంచులు అందించింది. తాత మనసు బాగోలేనప్పుడు కాలనీలో ఏడు గుమ్మాలకు శిక్ష పడుతుందని ఆవిడకి తెలుసు.

శుక్రవారంనాడు హాలు నిండిపోయింది. లవాన్ చేతిలో కొత్త రేకు, స్క్రూడ్రైవరు. రేకు మీద తాత పేరు ముందే చెక్కించి ఉంచారు, ఎందుకంటే చెక్కేవాడు సోమవారాలే వస్తాడు.

తాత లేచి నిలబడ్డాడు. ఉపన్యాసం ఇవ్వడం ఆయనకి రాదు.

"నా నలభై ఒకటి చెల్లదు," అన్నాడు. "పోయినేటి నలభై నాలుగూ చెల్లదు. టోయివో అరిజోనాలో ఉన్నాడు. రెండేళ్ళుగా టీవీలో చూసి చెబుతున్నాడు. మంగళవారం దాకా నాకు తెలీదు. మంగళవారం నుంచి తెలుసు."

లవాన్ స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది.

"మంగళవారం తెలిస్తే ఇవాళ చెబుతున్నావేం?" అన్నాడు గార్నెట్.

"బుధవారం చెబుదామనుకున్నా. ధైర్యం చాలలేదు. గురువారం కాయలు కోశా."

చర్చ ముప్పావు గంట సాగింది. పాత రేకులు ఊడదీసే పద్ధతి నిబంధనల్లో లేదని ఒకాయన అన్నాడు. ఊడదీయకూడదనీ లేదని లవాన్ అంది. టీవీవాళ్ళు కూడా ఏదో ఒక థర్మామీటరుని కంటితోనే చూస్తారు కదా అని ఇంకొకాయన లేవదీశాడు. ఆయన్ని అందరూ కలిసి కూర్చోబెట్టారు. చివరికి తేలిందేమంటే, ఈ ఏడు గార్నెట్‌ది. పోయినేడు రెండో స్థానంలో ఉన్నవాడిది. రెండో స్థానంలో ఎవరున్నారో లవాన్ పాత నోటు పుస్తకంలో వెతకడం మొదలుపెట్టింది. ఎవరో అందరికీ గుర్తే. అయినా ఆవిడ పేజీలు తిప్పుతున్నంతసేపూ ఎవరూ చెప్పలేదు.

"వెండెల్," అని చదివింది లవాన్. "మైనస్ నలభై మూడు."

అందరూ అయోన్ వైపు చూశారు. ఆవిడ కాఫీ కప్పు కింద పెట్టింది.

"అతను అప్పుడే అన్నాడు," అంది. "అది నలభై నాలుగయ్యే రోజు కాదు, గాలి తూర్పునుంచి ఉంది అని. ఆ రాత్రి భోజనం దగ్గరా అన్నాడు. మర్నాడూ అన్నాడు. ఏప్రిల్లో ఇంటికెళ్తూ రెండు రాష్ట్రాల పొడుగునా అన్నాడు. పోనీలెండి, ఒక్క డిగ్రీయే కదా అని నేనే కసిరాను."

"తప్పు నాదేనమ్మా," అన్నాడు తాత. "ఆయన ఉండగానే తెలిసుంటే ఆయనకే చెప్పేవాణ్ణి."

"చెప్పుంటే బాగుండేది. విని భలే సంతోషించేవాడు. మిమ్మల్ని మాత్రం చచ్చినా వదిలేవాడు కాదు."

లవాన్ తాత పోయినేటి రేకు ఊడదీసింది. స్క్రూ ఒకటి తుప్పుపట్టి రాకపోతే తాతే వెళ్ళి చెక్కని గట్టిగా పట్టుకున్నాడు. వెండెల్ పేరు ఇంకా చెక్కలేదు కాబట్టి అట్టముక్క మీద రాసి గుండుసూదితో గుచ్చారు. గార్నెట్ లేచి, వాలు కుర్చీ మీద పడిన బిస్కట్ పొడి దులిపాడు.

"ఇవాళ్టికి పోయినేటి లెక్క ముందు తీరాలి," అన్నాడు. "కూర్చోండి."

అయోన్ వచ్చి కూర్చుంది. అటు చూసింది, ఇటు చూసింది. పక్కనున్న పిడి లాగింది. ఏమీ లేవలేదు.

"దీనికోసమా ఇంత గొడవ?" అంది. "కాళ్ళు చాపుకునేది రాదేం?"

"లాగితే రాదు," అన్నాడు తాత. "ఉండండి."

మార్పించుకున్న మోకాలు వంగినంత మేరా వంచి కుర్చీ పక్కన కూలబడ్డాడు. పిడిని కాస్త లోపలికి నొక్కి, పైకెత్తి, అరచేత్తో ఒక దెబ్బ వేశాడు. కాళ్ళ కింది పలక పైకి లేచింది. అయోన్ కాళ్ళు చాపుకుంది, ఒకదాని మీద ఒకటి.

"ఇప్పుడు నన్నెవరైనా లేపండి," అన్నాడు తాత కిందనుంచి.