నేను చెరిపేసిన 1448

మీ చేతికొచ్చిన రక్తపరీక్ష రిపోర్టులో అంకె తప్పేమోనని ఎప్పుడైనా అనుమానించారా? అనుమానించి ఉండరు. దాన్ని అచ్చువేసిన నాకే అనుమానం రాలేదు.

దయ్యాలు లేవని మదనపల్లెలోనూ కుప్పంలోనూ వేదికలెక్కి వాదించినవాణ్ణి. చేతబడి చేస్తామన్నవాళ్లను నా మీదే చేయమని సవాలు చేసినవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాయక తప్పడం లేదు.

బతుకుతెరువుకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. పుంగనూరులో ఒక చిన్న ఆసుపత్రి ల్యాబులో, యంత్రం నుంచి అంకెలు తీసుకుని రిపోర్టు అచ్చువేసే ప్రోగ్రాం నాదే. యంత్రం రాకముందు ఆ ల్యాబు పాత టెక్నీషియన్ దేవకృపమ్మ మైక్రోస్కోపులో తెల్లకణాలు లెక్కపెట్టేది. నొక్కినప్పుడల్లా అంకె ఒకటి పెరిగే లెక్కమీటను చేతిలో పట్టుకుని, ఒక్కో కణానికి ఒకసారి నొక్కేది. మొత్తాన్ని యాభైతో హెచ్చిస్తే కౌంటు. సరైన రిపోర్టు రోగి చేతికి అందేదాకా మీట మీది అంకె చెరపకూడదన్నది ఆమె పెట్టిన కట్టుబాటు.

ఆమె చనిపోయాక మీటను సున్నా దగ్గర ఉంచి బీరువాలో పెట్టాం. నా సామానూ అందులోనే ఉండేది. తాళంచెవి ఒక్కటే, అది నా దగ్గరే.

ఒక మంగళవారం ఉదయం, గంగవరం దగ్గర మేకలు కాసే మునెప్ప జ్వరం తగ్గని భార్య రెడ్డెమ్మను తీసుకొచ్చాడు. తెల్లకణాలు 6,864 అని రిపోర్టు వచ్చింది. మామూలే. డాక్టరు మాత్రలిచ్చి పంపేశాడు.

మధ్యాహ్నం కేబుల్ కోసం బీరువా తెరిచాను. మీట మీద 1448 ఉంది.

టెక్నీషియన్ శాంత చూసి, "చెరపొద్దండి సార్. ఎవురికో రిపోర్టు సరిగా పోలేదు" అంది.

"దేవకృపమ్మ ఇంకా డ్యూటీకి వస్తాండాదా?" అని నవ్వి, సున్నాకు తిప్పేశాను.

"మీటింగుల్లో అన్నీ ప్రశ్నించమంటారు. ఈడ మాత్రం యాల అడగరు సార్?" అంది.

పదకొండో రోజు రెడ్డెమ్మ ఒళ్లంతా నల్లమచ్చలతో తిరిగొచ్చింది. "బాగుండాదని కాగితమిస్తిరి గదప్పా!" అన్నాడు మునెప్ప. డాక్టరు యంత్రంలోనే నిలవున్న అసలు అంకె చూడమన్నాడు. 72,400. రక్తక్యాన్సర్.

తప్పు నాది. యంత్రం పంపిన పెద్ద అంకెను నా ప్రోగ్రాం 65,535 దాకా మాత్రమే పట్టే చిన్న గడిలోకి మార్చింది. అది దాటితే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 72,400లో 65,536 పోతే మిగిలేది 6,864. ఏ హెచ్చరికా రాలేదు. మార్చేముందు పడుతుందా లేదా అని చూసే ఒక్క వాక్యం రాసి ఉంటే ప్రోగ్రాం అక్కడే ఆగిపోయేది.

శాంత కాగితం మీద 1448ని యాభైతో హెచ్చించి నా ముందు పెట్టింది. 72,400.

రెడ్డెమ్మ నెల తిరక్కుండానే బెంగళూరు ఆసుపత్రిలో చనిపోయింది. పదకొండు రోజుల ముందు పంపి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగాను. ఆయన 6,864 అని ఉన్న రిపోర్టును నా చేతిలో పెట్టాడు.

ప్రోగ్రాం ఎందుకు తప్పిందో వివరించగలను. తాళం వేసిన బీరువాలో ఆ మీట నొక్కిందెవరో చెప్పలేను. నా కళ్ల ముందున్న అంకెను నేనే చెరిపేశాను, విచారించకుండానే.

దయ్యాల సంగతి తర్వాత వాదించుకుందాం. ప్రోగ్రాం రాసేవాళ్లు ఈరోజే మీ కోడ్ తెరవండి. పెద్ద అంకెను చిన్న గడిలోకి మార్చే ప్రతి చోటా, పట్టకపోతే ఆగిపొమ్మని రాయండి.