వేపమండకు పెదనాన్న చెప్పిన సాక్ష్యం

మా పెదనాన్నకు మతానికీ పురాణానికీ తేడా పుట్టుకతోనే తెలుసు. మనది మతం, అవతలివాళ్ళది పురాణం. అంతకుమించి ఆలోచించాల్సిన అవసరం ఆయనకు జీవితంలో కలగలేదు.

కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగాల్లో కుదురుకున్న క్రైస్తవ కుటుంబం మాది. పెదనాన్న సంఘ పెద్ద. ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేదీ ఆయనే. కోతి సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిందన్న కథ చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. మౌలాలి గుట్ట మీద రాతిలో పడ్డ, ముస్లింలు కొలిచే చేతి ముద్ర సంగతి చెప్పి ఇంకాస్త గట్టిగా నవ్వేవాడు. "అన్నీ పుక్కిటి పురాణాలు!" అనేవాడు. ఆ వెంటనే గొంతు మార్చి, చేప కడుపులో మూడు రోజులున్న ప్రవక్త పాఠం మొదలుపెట్టేవాడు. అక్కడ ఊపిరెలా ఆడిందని నేనొకసారి అడిగాను. జవాబు నా చెంప మీద పడింది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. చిలకలగూడలో ఉండేవాళ్ళం. అమ్మ ఆడపిల్లల బడిలో టీచరు. నాన్న డ్యూటీ మీద పై ఊరు వెళ్ళాడు. అంతలో భారత యూనియన్ సైన్యం హైదరాబాదు రాష్ట్రంలోకి వచ్చింది, రైళ్ళు ఆగిపోయాయి, నాన్న అక్కడే చిక్కుకుపోయాడు. అయిదు రోజులకు నిజాం సర్కారు చేతులెత్తేసింది. అంతకుముందు ఏడాదంతా రజాకార్లకు భయపడి తలుపులు మూసుకున్నవాళ్ళు వీధుల్లోకి వచ్చి మిఠాయిలు పంచారు. ఆ మర్నాటి నుంచి తలుపులు మూసుకోవడం వేరేవాళ్ళ వంతయింది.

రెజిమెంటల్ బజార్లో పుస్తకాలకు అట్టలు వేసి జిల్దు కట్టే భాయి ఒకాయన ఉండేవాడు. మా చర్చి కీర్తనల పుస్తకాలన్నీ ఆయన చేతిమీదుగా బాగుపడినవే. తెలుగు చక్కగా చదివేవాడు. ఆయన బావమరిది రజాకార్లలో చేరి రెండు నెలల పాటు ఖాకీ బట్టలు తొడుక్కుని, కట్టె తుపాకీ పట్టుకుని కవాతు చేసి, సైన్యం వస్తుందనగానే ఎటో పారిపోయాడు. వాడి కోసం వెతికేవాళ్ళు భాయి ఇంటి మీద పడ్డారు. భాయి పెళ్ళాన్నీ ఇద్దరాడపిల్లల్నీ వెంటబెట్టుకుని, దీపాలు పెట్టే వేళకు నేరుగా చర్చి గేటు దగ్గరకు వెళ్ళాడు. పదేళ్ళుగా తెలిసిన సంఘ పెద్ద అక్కడున్నాడని ఆయన నమ్మకం.

పెదనాన్న గేటు తాళం తియ్యలేదు. ఊచల మధ్య నుంచే మాట్లాడాడు. "మందిరం అందరిదీ. నీ ఒక్కడి కోసం అందర్నీ ఆపదలో పెట్టలేను. నీ కోసం ప్రార్థన చేస్తాను, వెళ్ళు," అన్నాడట. ప్రార్థన చేశాడో లేదో నాకు తెలియదు. తాళం మాత్రం ఇంకోసారి లాగి చూసుకున్నాడని భాయి పెళ్ళాం చెప్పింది.

అక్కణ్ణించి మా ఇంటికొచ్చారు. అమ్మ భాయి ముఖం చూసింది, ఆడపిల్లల కాళ్ళ వంక చూసింది. చిన్నదానికి చెప్పుల్లేవు. "ముందు లోపలికి రండి," అంది. లోపలి గదిలో పెట్టింది. అమ్మ దేవత ఏం కాదు. వాళ్ళున్న పదకొండు రోజులూ బియ్యం అయిపోతున్నాయని సణిగింది, పొయ్యి దగ్గర ఇద్దరాడవాళ్ళకు చోటు చాలదని విసుక్కుంది. ఒక్క లేఖనమైనా పలకలేదు.

మూడో రోజు పొద్దున వీధి చివర కుర్రాళ్ళు ఇల్లిల్లూ చూసుకుంటూ వస్తున్నారని తెలిసింది. అమ్మ నా ముఖానికి ఇంత పసుపు రాసి మంచం మీద పడుకోబెట్టింది. "కదిలావంటే చంపుతాను," అంది. భాయి పెళ్ళాం పెరట్లో వేపమండ విరుచుకొచ్చి, గుమ్మానికి తానే కట్టి లోపలికి పరుగెత్తింది.

నలుగురొచ్చారు. అందరూ తెలిసినవాళ్ళే. ఒకడి చెల్లెలు అమ్మ దగ్గరే చదువుకుంటోంది.

"పరేషాన్ గాకు టీచరమ్మా. ఊకె జెర జూసి పోతం," అన్నాడు వాడు.

"రండి, చూడండి. పిల్లకు అమ్మవారు పోసింది. ఇది మూడో రోజు," అంది అమ్మ.

ఒకడు లెంపలేసుకున్నాడు. ఇంకొకడికి మాత్రం అనుమానం వచ్చింది. "కిరస్తానోళ్ళింట్ల సుత అమ్మవారొస్తదా?"

"అమ్మవారు చర్చి రిజిస్టరు చూసుకుని వస్తుందా నాయనా?"

వాడు గుమ్మానికున్న వేపమండ వంక చూశాడు, పసుపు ముఖంతో మూలుగుతున్న నా వంక చూశాడు. చెప్పులు విడిచి, గడప అవతలి నుంచే నాకు దండం పెట్టాడు. నలుగురూ వెళ్ళిపోయారు. లోపల భాయి చిన్న కూతురు నోట్లో తల్లి చెంగు కుక్కుకుని ఉంది.

పరిస్థితులు చల్లబడ్డాక భాయి ఇల్లు చేరాడు. నాన్న కూడా వచ్చాడు. పెదనాన్న మాత్రం వేపమండ సంగతి విని మండిపడ్డాడు. "విశ్వాసుల ఇంటి గుమ్మానికి అన్యుల ఆచారమా?" అని అమ్మ చేత క్షమాపణ ప్రార్థన చేయించాడు. అమ్మ కళ్ళు మూసుకుని నిలబడింది. పెదవులు కదల్లేదు.

ఏడాది తిరిగేసరికి ఆ వేపమండ రక్షణ పొందింది! క్రిస్మస్ కూడికలో పెదనాన్న, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పాడు. ఆ సాక్ష్యంలో భాయి కుటుంబం చర్చిలోనే తలదాచుకుంది. గేటు తెరిచినవాడు ఒక "దేవుని సేవకుడు". వెంటాడి వచ్చినవాళ్ళు నలుగురు కాదు, నలభైమంది. పూర్వం గుమ్మాలకు గొర్రెపిల్ల రక్తం పూసుకున్న ఇళ్ళను మృత్యువు దాటిపోయినట్టే, వేపమండకు బదులు మందిర ద్వారం మీద ఒక వెలుగు కనబడి, వాళ్ళంతా వెనక్కి పడిపోయారు. జనం స్తోత్రాలు చెప్పారు. రెండో ఏడు నలభైమంది కాస్తా రెండు వందలయ్యారు. మూడో ఏడు దాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయించి, కాస్తయినా సిగ్గుపడకుండా, జిల్దు కట్టమని భాయికే పంపాడు.

భాయి ఆ కాగితాల కట్ట అలాగే పట్టుకుని పెదనాన్న ఇంటికొచ్చాడు. నేను అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాను.

"సార్, గిది వేరేటోనితోని కుట్టించుకోండ్రి," అన్నాడు.

"ఏం, చేతిలో పనెక్కువగా ఉందా?"

"పని గాదు సార్. నేను చదివిన. మీరు గేటు తీసినట్టు రాసిండ్రు."

పెదనాన్న తడబడతాడనుకున్నాను. అబ్బే, చిరునవ్వు నవ్వాడు. "సాక్ష్యాన్ని పోలీసు పంచనామాలా చదవకూడదు భాయ్. మాటను కాదు, అందులోని భావాన్ని చూడాలి."

"గదే మాట మా గుట్ట మీది చెయ్యికి చెప్తె నవ్వుతిరి గద సార్. హిందువుల కోతికి సుత నవ్వుతిరి."

"అవి కథలు."

"మరి గిదేంది?"

పెదనాన్న ప్రార్థనకు వేళయిందని లేచి లోపలికి వెళ్ళాడు. పుస్తకం ఇంకెవరో కుట్టారు.

ఇంతదాకా పెదనాన్నను ఆడిపోసుకున్నాను కదా, నా ఘనకార్యం కూడా చెప్పాలి. ఆ ఏడు సండే స్కూలు పోటీలో ఆ సాక్ష్యాన్ని కంఠతా పట్టి అప్పజెప్పింది నేనే. పసుపు పూసుకుని మంచం మీద పడుకున్న దాన్ని నేనే అయినా, ద్వారం మీది వెలుగు దగ్గరకొచ్చేసరికి గొంతు వణికించి మరీ చెప్పాను. మొదటి బహుమతి వచ్చింది. పెదనాన్న నా నెత్తిన చెయ్యి పెట్టి దీవించాడు.

అమ్మ ఇంటి దగ్గర నన్నేమీ తిట్టలేదు. మర్నాడు బడి నుంచి వస్తూ రెజిమెంటల్ బజార్ వైపు దారి మళ్ళించింది. భాయి గుమ్మం ముందు నిలబెట్టి, "నిన్న చెప్పింది చెప్పు," అంది.

చెప్పాను. మొదటి నాలుగు వాక్యాలు గడగడా వచ్చాయి. తర్వాత గొంతు నిజంగానే వణికింది. అమ్మ ఆపనివ్వలేదు. భాయి చేతిలో సూదీ దారం అలాగే పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. గొంతు బాగుంది," అన్నాడు.

ఆయన పెళ్ళాం గుమ్మం తెర వెనక, లోపలే ఉంది. గిన్నెల చప్పుడు వినబడుతోంది. ఎప్పుడు వెళ్ళినా బయటికొచ్చి నా బుగ్గ గిల్లే మనిషి ఆ రోజు రాలేదు. అమ్మ చిన్నమ్మాయి చదువెలా ఉందని భాయిని అడిగింది. ఆ తర్వాత ఇద్దరూ బడి సంగతులు మాట్లాడుకుంటూ ఉండిపోయారు. నేను తెర వంక చూస్తూ నిలబడ్డాను.