అమ్మ మిగిల్చిన పొద్దు

నిన్న సాయంత్రం అనంతపురంలో నాలుగు చినుకులు పడ్డాయి. తడవకుండా కిరాణా అంగడి చూరు కింద నిలబడ్డాను. కాళ్ళు తుడుచుకోవడానికి గుమ్మంలో పరచిన గోనెసంచి తడిసి, అందులోంచి పచ్చి శెనక్కాయ వాసన వచ్చింది. ఎప్పటి సంచో, ఎన్ని చేతులు మారిందో, వాసన మాత్రం దాన్ని వదల్లేదు. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ బొటనవేలి గోరు కింద నొప్పి పుడుతుంది, దాని వెనకే కోపం వస్తుంది. అంగట్లో కూర్చున్న పిల్ల ఫోనులో ఎవరో ఒకామె, వంటింట్లో టైము ఎలా మిగుల్చుకోవాలో గలగలా చెప్పుకుపోతోంది. ఆదివారమే ఉల్లిగడ్డలు తరిగి డబ్బాలో పెట్టుకోవాలట, చింతపండు పులుసు ముందే తీసి ఫ్రిజ్జులో దాచుకోవాలట, అలా మిగిలిన టైములో మన కోసం మనం ఏదైనా చేసుకోవాలట. నాకు ఒళ్ళు మండింది. టైము మిగల్చడం మా అమ్మ దగ్గర నేర్చుకోవాలి ఎవరైనా. ఆమె మిగిల్చిందంతా ఎవరు తిన్నారో మాత్రం నన్ను అడగాలి.

తొంభైల చివర మాట ఇది. మాది ఎర్రనేల ఊరు, చుట్టూ బోడి గుట్టలు. కరెంటు వస్తేనే బోరు, బోరు ఆడితేనే కొళాయిలో నీళ్ళు. ఆడవాళ్ళంతా బిందెల వరుస పక్కనే కూర్చుని, తలలు చూసుకుంటూ, ఊళ్ళో వాళ్ళందరి సంసారాలూ చక్కబెడుతూ ఎదురుచూసేవాళ్ళు. అమ్మ అలా కూర్చునేది కాదు. ఒక ఓటి బిందెకు మా జేజిది, అంటే నాయన వాళ్ళమ్మది, పాత చీర పేలిక గుర్తుగా కట్టి వరుసలో పెట్టి ఇంటికి వచ్చేసేది. మా ఊళ్ళో వరుసలో పెట్టిన బిందె అంటే మనిషి కిందే లెక్క, ఎవరూ దాన్ని జరిపేవాళ్ళు కాదు. ఆ లోపల పేడకళ్ళు ఎత్తి, ఎసట్లో నూకలు వేసి, మంట తీసేసి నిప్పుల మీదే వదిలి మళ్ళీ కొళాయి దగ్గరకు పరిగెత్తేది. నీళ్ళు మోసుకొచ్చేసరికి నూకలు మెత్తగా ఉడికి ఉండేవి. రాగిపిండి పోసి తెడ్డుతో కెలికి, చేతులు తడుపుకుని ముద్దలు చేసేది. మిగిలిన సంగటి రాత్రే మజ్జిగలో వేసి పెడితే పొద్దున్నే పొయ్యితో పనిలేదు, ఒక ఎర్రగడ్డ, అదే ఉల్లిగడ్డ, కొరుక్కుని తాగి బడికి పోవడమే. నా జడ ఆదివారం ఎంత బిగించి అల్లేదంటే కనుబొమలు పైకి లేచిపోయి, మళ్ళీ దువ్వెన పెట్టే పని వారం నడిమి దాకా ఉండేది కాదు. ఉగాదికి ముందురోజే పూర్ణం రుబ్బి పెట్టుకునేది. పండగనాడు ఊళ్ళో ఇంకా శనగబేడలు ఉడుకుతూ ఉండగానే మా ఇంట్లో పెనం మీద ఓళిగలు కాలేవి, బెల్లం వాసన వీధి మలుపు దాకా పోయేది. మేం వేడివేడిగా నెయ్యి పోసుకుని తినేవాళ్ళం. అమ్మ చివర్లో, నిలబడే, చిరిగిపోయిన ఓళిగ తినేది.

ఇంత మిగిల్చి ఏం బాగుపడింది? పని తెమిలి చీర కుచ్చిళ్ళు దులుపుకోగానే మా జేజికి ఎక్కడలేని పనులు గుర్తొచ్చేవి. "ఖాళీగా ఉండావు గదా, ఆ కందులు రోంత ఇసురు" అనేది. నాయన మంచం మీద నుంచే "అయిపోయినాయా పనులు? అట్లయితే ఎనుముకు గడ్డి కోసుకొని రాపో" అనేవాడు. పక్కింటి ఓబులమ్మక్కది నిదానం చెయ్యి. పొద్దు గూట్లో పడేదాకా ఆమె వంట తెమిలేది కాదు. ఆమెకు కొత్త పని ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. అప్పుడు నాకు ఇది వింతగా కూడా అనిపించలేదు.

నేను ఏడో తరగతి అయిపోయి సెలవుల్లో ఉన్న వేసవిలో, అమ్మ వాళ్ళమ్మ, మా అవ్వ, గడప తట్టుకుని పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ ఊరు కళ్యాణదుర్గంలో బస్సు దిగి ఇంకా ఆటోలో పోవాలి. సంతకు వచ్చిన ఆ ఊరాయన ఒకడు మా వాకిట్లో నీళ్ళు తాగుతూ, "ముసలామె లెయ్యల్యాకుండా ఉండాదమ్మా. నా కూతురు యాడ, ఇంకా రాలేదా అని అడుగుతానే ఉండాది" అని చెప్పాడు. అమ్మ చెంబు అందుకుని నాయన వైపు చూసింది.

నాయన "విత్తనం ఒలిచేది అయిపోనీ, పోదువులే" అన్నాడు.

విత్తనం అంటే శెనక్కాయే, మా నేలలో ఇంకేం పండుతుంది? మిషన్లో ఒలిస్తే పప్పు పైపొట్టు చిట్లి మొలక రాదని ప్రతి ఇంట్లోనూ చేత్తోనే ఒలిచేవాళ్ళు. నడవలో గోడెత్తు కుప్ప. ఎండ నెత్తిన పడే మధ్యాహ్నాలు మేమంతా దాని చుట్టూ చేరేవాళ్ళం. కాయ ముక్కును బండకు అదిమితే టప్పుమనేది, ఎర్రదుమ్ము ముక్కుల్లో దూరేది, గోళ్ళ కింద పొట్టు గుచ్చుకుని అన్నం కలిపితే కారం మండేది. లేత గింజలు బెల్లంతో నమిలేవాళ్ళం, పొట్టు కుప్పలో దూకేవాళ్ళం, తాలు కాయలతో అచ్చనగాయలు ఆడేవాళ్ళం. జేజి పళ్ళులేని నోట్లో ఒక గింజ నానబెట్టుకుని అందరినీ గదిమేది. ఆ ఏడు అమ్మ ఆ కుప్పతో పందెం వేసుకున్నట్టు కూర్చుంది. ముందురోజు సాయంత్రమే, మరునాటికి ఒలవగలిగినంత కాయ మీద మాత్రమే నీళ్ళు చిలకరించి గోనెసంచి కప్పేది. తెల్లారికి పొట్టు మెత్తబడి వేళ్ళకు లొంగేది. అంతకన్నా ఎక్కువ తడిపితే బూజు పడుతుంది, ఆ కొలత ఆమె చేతికి తెలుసు. మంచి గింజ, బద్ద, తాలు ఒలిచేటప్పుడే మూడు గంపల్లో వేసేది, మళ్ళీ ఏరే పని లేకుండా. ఊరందరికన్నా ముందు మా కుప్ప అయిపోయింది. పొట్టు ఊడ్చేసి అవ్వ కోసం అమ్మ శెనక్కాయ ఉండలు చేసింది, మెత్తగా, పళ్ళు లేకున్నా తినేటట్టు. రెండు చీరలతో కలిపి వాటిని సంచిలో సర్ది, పొద్దున్నే మొదటి బస్సుకు పోవాలని గడప పక్కన పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం వాన పడింది. ఎప్పుడూ మొగం చాటేసే వాన, అడక్కుండానే వచ్చి గంటల తరబడి కుమ్మింది. ఊరంతా వీధిలో ఉంది. నేనూ గంతులేశాను. నాయన చేనికి పోయి, పిక్కల దాకా బురదతో, నవ్వుతూ వచ్చాడు.

"పదును బాగా దిగింది. తెల్లారి గొర్రు కట్టల్ల" అన్నాడు.

"నేను బస్సుకు పోతాననుకొంటినే" అంది అమ్మ.

"నువ్వు పోతే విత్తనం ఎవురు పోస్తారు? ఆ నేల తడి ఆరిపోతే నీ అవ్వ వస్తాదా, నా అవ్వ వస్తాదా తడిపేదానికి?"

ఎద్దులు విత్తనపు గొర్రును లాగుతుంటే పక్కనే నడుస్తూ, పిడికిట్లోంచి గింజలు గొర్రు మీది చెక్కగిన్నెలో విడవాలి. చెయ్యి వెనకపడితే సాలులో ఖాళీలు, ముందుకుపోతే గింజలు ఒకదాని మీద ఒకటి. మా అమ్మ చెయ్యి గడియారం. ఆమె పోస్తే ఎద్దులు ఎంత వడిగా నడిచినా సాలు తప్పదు. ఆ చెయ్యే ఆమెను కట్టేసింది. మా చేను అయింది. సంచి గడప పక్కనే ఉంది. మాకు ఒక ఎద్దు, ఓబులమ్మక్క వాళ్ళకు ఒక ఎద్దు, రెండూ కలిస్తేనే కాడి. కాబట్టి వాళ్ళ చేను కూడా విత్తాలి. ఆమె చెయ్యి నిదానమని అక్కడా అమ్మనే పొయ్యమన్నారు.

వాళ్ళ చేను విత్తుతున్నప్పుడు సద్ది తీసుకుపోయి నేను గట్టు మీదే ఉన్నాను. రోడ్డు మీది ఫోను బూతాయన సైకిలు గట్టు దగ్గర పడేసి వచ్చాడు. "అమ్మా, మీ ఊరి నుంచి ఫోను వచ్చింది. మీ అమ్మ పోయిందంట" అన్నాడు. అమ్మ విన్నది. నాయన విన్నాడు. ఎద్దులను ఎవరూ ఆపలేదు. అమ్మ నడుస్తూనే, పోస్తూనే సాలు చివరిదాకా పోయింది. అక్కడ ఒడిలోని గింజలు గంపలో వంచి, కొంగు దులిపి, రోడ్డు వైపు నడిచింది. సంచి కూడా తీసుకోలేదు. బస్సు మారి, ఆటో నిండేదాకా కూర్చుని, ఆమె పోయేసరికి మన్ను కూడా కప్పేశారు. ఉండలు మేమే తిన్నాం. రుచిగా ఉన్నాయి, అదీ నాకు గుర్తే.

చేను మొలిచింది. అంత తీరుగా మొలిచిన చేను చుట్టుపక్కల లేదు. ఆ తరువాత ఒక్క చినుకు రాలలేదు. పూత దశలో ఆకు ముడుచుకుని, సాళ్ళు సాళ్ళుగానే ఎండిపోయింది. గట్టు మీద నిలబడి అమ్మ నాయనతో, "ఎంత ఒద్దికగా ఎండినాయో సూడు. వీటికోసమేనా నన్ను నిలిపింది?" అంది. నాయన తలగుడ్డ తీసి మొగం తుడుచుకున్నాడు. నేను ఆయన్ని ఇంతవరకూ క్షమించలేదు. వాన మీద ఆయనకూ పెత్తనం లేదని తెలిసే క్షమించలేదు.

ఆ తరువాత అమ్మ ఓటి బిందె వరుసలో పెట్టలేదు. అందరితోపాటు కొళాయి దగ్గర కూర్చునేది. "ఇంకా కాలేదా?" అని జేజి అరిస్తే, "కాలేదత్తా" అని నిమ్మళంగా చెప్పేది. కొన్నాళ్ళకు జేజి అడగడం మానేసింది.

ఇప్పుడు ఆ నడవలో కాయల కుప్ప లేదు, గొర్రు లేదు, ఎద్దులు లేవు. ట్రాక్టరు వచ్చి ఒక పూటలో విత్తి పోతుంది. అవ్వ ఇల్లు కూలి మొండిగోడలు మిగిలాయి, మామలు బెంగళూరులో తాపీ పనుల్లో కుదురుకున్నారు. నాయన పోయాక అమ్మ అనంతపురంలో నా దగ్గరే ఉంటోంది. కుక్కరుంది, మిక్సీ ఉంది, కొళాయి ఇంట్లోనే ఉంది. పొద్దంతా ఆమెదే.

నిన్న చినుకులు ఆగాక ఇంటికి వచ్చి, అంగడి పిల్ల ఫోనులో ఆమె చెప్పినవన్నీ అమ్మకు చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తీరిగ్గా, అంతా విన్నది.

"మిగిలిన టైములో ఏం జేస్తాదంట ఆయమ్మ?"

"తన కోసం ఏదో చేసుకుంటుందంటమ్మా."

అమ్మ ఒక కాయ ఈనె మొదలు నుంచి కొస దాకా లాగి పక్కన పెట్టింది.

"వాళ్ళమ్మ ఉండాదేమో కనుక్కో. ఉంటే ముందు పోయి సూసి రమ్మను."